నీళ్ళ బరువుకు కాదు, వేడికి వెల కట్టండి: ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. త్వరగా పెరిగే విల్లో, పాప్లార్ చెట్లను మీ శాఖ పథకం కింద పెంచి, ఊళ్ళకు వేడి అందించే హీటింగ్ ప్లాంట్లకు పొయ్యి కట్టెగా అమ్మే రైతులం మేము. ఆ పథకం గురించి ఇంతకుముందు మూడు అర్జీలు పెట్టుకున్నాం. మూడింటికీ రసీదులు వచ్చాయి, జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈ నాలుగోది అందరూ చదివేలా రాస్తున్నాం. పథకం గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. మార్గదర్శకాలు మీ శాఖవే, ఒప్పంద పత్రం నమూనా కూడా మీ శాఖదే. కాబట్టి నేరుగా కాటా దగ్గరికే వస్తాం.

ఆ కాటా మీద రెండు లారీలున్నాయనుకోండి. రెండింటిలోనూ 20 టన్నుల విల్లో చిప్సే, అంటే చిన్నగా కొట్టిన కట్టె ముక్కలే. ఒకదానిలో తేమ 55 శాతం, రెండోదానిలో 30 శాతం. మొదటి లారీలో ఉన్నది 9 టన్నుల కట్టె, 11 టన్నుల నీళ్ళు. రెండోదానిలో 14 టన్నుల కట్టె, 6 టన్నుల నీళ్ళు. పొయ్యిలో పడ్డాక మొదటి లారీ సరుకు సుమారు 140 గిగాజౌల్స్ (ఒక గిగాజౌల్ అంటే వెయ్యి మెగాజౌల్స్) వేడినిస్తే, రెండోది 244 ఇస్తుంది. తూకం చీటీ మీద మాత్రం రెండూ 20 టన్నులే. పథకం డబ్బు కట్టేది ఆ చీటీని చూసే.

తేమ ఎక్కువైతే ధరలో కోత ఉంది కదా అని మీ అధికారులు అంటున్నారు. ఉంది. 35 శాతం దాటితే టన్ను ధరలో ఒకే ఒక కోత. 36కీ అదే, 55కీ అదే. 35 కంటే తగ్గించి 25కి ఆరబెట్టి తెచ్చినవారికి అదనంగా ఇచ్చేదేమీ లేదు. దీనివల్ల పొలంలో ఏం జరుగుతుందో చూడండి. 55 శాతం తేమతో కోసిన 20 టన్నుల కట్టెను వేసవి చివరిదాకా గట్టున ఆరబెట్టి 30 శాతానికి తెస్తే బరువు 12.9 టన్నులకు పడిపోతుంది. ఏడు టన్నులకు పైగా నీరు గాలిలో కలిసిపోతుంది. వేడి మాత్రం 140 నుంచి 157 గిగాజౌల్స్‌కు పెరుగుతుంది, ఎందుకంటే కిలో నీటిని ఆవిరి చేయడానికి పొయ్యి ఖర్చుపెట్టే 2.44 మెగాజౌల్స్ మిగిలినట్టే. ఎక్కువ వేడి తెచ్చిన రైతు చేతికి టన్నుల లెక్కన మూడో వంతుకు పైగా తక్కువ వస్తుంది. ధరలో కోత తప్పిందన్న ఊరట ఆ తేడాను పూడ్చదు. ఇలా ఉంటే ఎవరు ఆరబెడతారు? కోసిన రోజే, వాన పడుతున్నా సరే, లారీకెత్తి పంపడమే లాభమని పథకమే నేర్పుతోంది. తీరా పంపాక, సరుకు తడిగా ఉందని ప్లాంటు నుంచి ఫిర్యాదు మా మీదికే వస్తోంది.

డెన్మార్క్‌లో హీటింగ్ ప్లాంట్లు చిప్స్‌కు గిగాజౌల్ లెక్కన డబ్బు కడతాయి. స్వీడన్‌లో మెగావాట్ గంటల లెక్క, అదీ వేడి కొలతే. అక్కడా కాటా ఉంటుంది, తూకమూ వేస్తారు. దాని పక్కనే తేమ పరీక్ష చేసి ఎండు పదార్థం ఎంతో, అందులో వేడి ఎంతో లెక్కకట్టి బిల్లు రాస్తారు. ఇందులో తెలియని శాస్త్రం ఏమీ లేదు. ఎండు విల్లో కట్టె కిలోకు సుమారు 18.5 మెగాజౌల్స్ ఇస్తుంది. దాన్ని ఎండు పదార్థం వంతుతో గుణించి, నీటి వంతుకు 2.44 చొప్పున తీసేస్తే చాలు. ప్లాంటు గుమాస్తా క్యాలిక్యులేటర్‌తో అర నిమిషంలో చేయగలిగిన పని ఇది. దీనికోసం మూడు అర్జీలు పెట్టాల్సి వచ్చింది.

తేమ పరీక్ష జరిగే తీరు ఇంకా బాధాకరం. లారీ మీది నుంచి ఒక గుప్పెడు తీసి, చేతి మీటర్‌లో పోసి, వచ్చిన అంకె రాసుకుంటున్నారు. లారీ పైపొర దారిలో గాలికి ఆరుతుంది, లేదా వానకు తడుస్తుంది. అడుగున ఉన్న సరుకుతో దానికి పోలిక ఉండదు. మీటర్ పనిచేసేది విద్యుత్ ధర్మాల మీద. చిప్స్‌లో నీరు గడ్డకట్టి ఉంటే ఆ ధర్మాలే మారిపోతాయి, అంకె నమ్మదగ్గది కాదు. మన సరుకులో ఎక్కువ భాగం వెళ్ళేదే గడ్డకట్టే నెలల్లో. ఐదు శాతం పొరపాటు చిన్నదేమీ కాదు. 50 శాతం తేమ దగ్గర టన్నుకు 8 గిగాజౌల్స్ ఉంటే 55 దగ్గర 7 మాత్రమే. దించేటప్పుడు జారిపడే ధార నుంచి వేర్వేరు క్షణాల్లో నమూనాలు పట్టాలి, కలిపి, గాలి చొరని సంచిలో మూసి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక మారనంతవరకు ఆరబెట్టాలి. ఐఎస్‌ఓ 18135, 18134 అనే అంతర్జాతీయ ప్రమాణాలు చెప్పేది ఇదే. ఒక ఓవెన్, ఒక త్రాసు, సంచులు. సంచిలో సగం రైతు దగ్గర ఉంచితే తగువు వచ్చినప్పుడు మళ్ళీ పరీక్షించుకోవచ్చు. ఈ మాట రెండో అర్జీలో ఉంది, మూడో దానిలోనూ ఉంది.

ఇక్కడ ఒక మాట నిజాయతీగా ఒప్పుకోవాలి. అన్ని ప్లాంట్లకూ ఎండు సరుకు అక్కర్లేదు. ఇటుక పూత ఉన్న పెద్ద పొయ్యి, కట్టె కాలే కదిలే ఇనుప జల్లెడ (గ్రేటు), వెనక పొగ నుంచి నీటి ఆవిరిని చల్లార్చి వేడిని తిరిగి పట్టే కండెన్సర్ ఉన్న చోట 50 శాతం తేమ సరుకే సరైనది. ఇళ్ళకు వేడినీరు తీసుకెళ్ళే గొట్టాల నెట్‌వర్క్ నుంచి తిరిగొచ్చే నీరు తగినంత చల్లగా, 50 డిగ్రీల లోపు ఉంటే, ఆవిరిలో పోయిన వేడిలో చాలా భాగం వెనక్కి వస్తుంది. అలాంటి పొయ్యిలో బాగా ఎండినవి వేస్తే మంట వేడి హద్దు మీరి, బూడిద కరిగి గ్రేటు మీద గట్టి పెళ్ళలు కడుతుంది. విల్లో సన్నటి కొమ్మల్లో బెరడు పాలు ఎక్కువ, అందువల్ల బూడిద కూడా మామూలు దుంగ కట్టె కంటే ఎక్కువే. ఈ ముప్పు వాటితో ఇంకా పెద్దది. అదే ఒక బడి, ఒక చిన్న కాలనీ కోసం పెట్టిన చిన్న బాయిలర్‌లో 35 శాతం దాటిన సరుకు వేస్తే మంట చల్లబడి పొగ, తారు, చిప్స్‌ను లోపలికి నెట్టే స్క్రూ ఆగిపోవడం. మీ శాఖ రెండు రకాల ప్లాంట్లకూ ఒకే 35 శాతం గీత గీసింది. పెద్ద ప్లాంటుకు ఆ గీత అర్థం లేనిది, చిన్నదానికి ఆ గీతను నిలబెట్టే ధరే లేదు. ఏ ప్లాంటుకు ఏ తేమ కావాలో ఆ ప్లాంటు ఒప్పందంలోనే రాయించండి. ధర మాత్రం వేడి లెక్కన ఉండనివ్వండి.

ఆరబెట్టండి అంటారు సరే, ఎలా ఆరబెట్టాలి? పథకం సబ్సిడీ ఇస్తున్నది కోస్తూనే చిప్స్ చేసే యంత్రానికి మాత్రమే. పశుగ్రాసం కోసే హార్వెస్టర్‌కు విల్లో హెడర్ (ముందుభాగంలో కోసే పరికరం) తగిలించి నడిపేది అదే. అది చేసేవి చిన్న చిప్స్. పచ్చివి కుప్పపోస్తే మధ్యలో గాలి ఆడదు. బతికున్న కణాలు, బూజు, బాక్టీరియా కలిసి వారం పది రోజుల్లో కుప్పను 60 డిగ్రీలకు తీసుకుపోతాయి. కట్టె లోపలినుంచే తినబడుతుంది, నెల నెలా ఎండు పదార్థం తరుగుతుంది. కుప్ప విప్పినప్పుడు లేచే బూజు ధూళి పనివారి ఊపిరితిత్తులకు చేటు. చోటు చాలక ట్రాక్టర్ ఎక్కించి తొక్కిస్తే మంటలు లేచే ప్రమాదం కూడా ఉంది. చిప్స్‌ను కుప్పపోసి ఆరబెట్టమనడం వాటిని కుళ్ళబెట్టమనడమే.

దీనికి దారి తెలిసినదే. కొమ్మలను ముక్కలు చేయకుండా నిండు పొడవున కోసి (దీన్నే నిలువు కోత అంటున్నాం), కట్టలుగానో రాశిగానో గట్టు మీద పెడితే గాలి ఆడుతుంది, వేడెక్కదు, వేసవి చివరికి 30 శాతం దగ్గరికి వస్తుంది, కట్టె తరుగు స్వల్పం. అప్పుడు చిప్స్ కొట్టే యంత్రం, చిప్పర్ తెచ్చి, ప్లాంటు అడిగిన కొలతకు కొట్టి పంపవచ్చు. జానెడు ముక్కలుగా కోసి పెట్టినా బాగానే ఆరతాయి, కానీ వాటిని అలాగే పంపితే ప్లాంటు స్క్రూలో అడ్డం పడతాయి, మళ్ళీ కొట్టక తప్పదు. నిలువు కోత యంత్రానికి, తర్వాత వచ్చే చిప్పర్‌కు పథకంలో ఒక్క పంక్తి కూడా లేదు. ఎందుకు లేదని అడిగితే మార్గదర్శకాల్లో లేదు కాబట్టి అన్నారు.

మంత్రి గారూ, కోత గురించి కూడా వినండి, ఎందుకంటే ఇది ఆలస్యానికి ఆగదు. విల్లో కోయాల్సింది ఆకు రాలాక, మొగ్గ పగలకముందు. ఆకుతో కోస్తే ఆకులోని నత్రజని నేలకు చేరదు, క్లోరిన్ బాయిలర్ గొట్టాలను తింటుంది. మొగ్గ పగిలాక కోస్తే మోడు దాచుకున్న బలం వృథా అయి పిలకలు బలహీనపడతాయి. ఈ మధ్యలో నేల గట్టిగా ఉండే వారాలు కొన్నే. హెడర్ ఉన్న యంత్రాలు తక్కువ, వాటి వంతులు వేసేది మీ శాఖే. యంత్రం వచ్చేసరికి నేల కరిగి బురదైతే చక్రాలు మోళ్ళను నలిపేస్తాయి, ఆ దెబ్బ తర్వాతి కోతల్లోనూ కనిపిస్తుంది. రాకుండానే శీతాకాలం దాటిపోతే ఇంకో నష్టం. మూడేళ్ళ కొమ్మను తేలిగ్గా కోసే హెడర్లలో చాలావాటికి మొదలు దగ్గర 7 సెంటీమీటర్ల మందం దాటితే కష్టం. నాలుగో ఏడు గడిచి ఐదో ఏడు వస్తే బలమైన రకాలు ఆ మందం దాటేస్తాయి. అప్పుడు రంపంతో మనుషులు కోయాలి, ఆ కూలి వచ్చే ధరకు మించుతుంది. హెక్టారుకు 15,000 కొమ్మలు నాటి, మొదటి ఏడాదంతా కలుపుతో పోరాడి, ఆ శీతాకాలంలో మొదలంటా కోసి పిలకలు తెప్పించి, ఆపైన మూడేళ్ళు ఒక్క రాబడి లేకుండా ఆగిన పొలం అది. ఇరవై ఏళ్ళకు పైగా కోతలివ్వాల్సిన పొలం ఒక షెడ్యూలు కాగితం రాక పాడవుతోంది.

ఇంకో షరతు కూడా మార్చాలి. మంచి నేలలో, వేళ్ళు నిలదొక్కుకున్నాక ఏటా హెక్టారుకు 8 నుంచి 12 టన్నుల ఎండు కట్టె వస్తుందన్న మాట నిజమే. మొదటి కోతలో అంత రాదు, మోడు ఇంకా వేళ్ళు కట్టుకుంటూ ఉంటుంది కాబట్టి. ఒప్పందం మాత్రం మొదటి కోతకే పూర్తి దిగుబడి అడిగి, లోటుకు జరిమానా వేస్తోంది. నాటడానికి ఒకే రకం కొమ్మలు పంపడం వల్ల తుప్పు తెగులు పొలమంతా ఒక్కసారే పాకి ఆ లోటు ఇంకా పెరిగింది. ఐదారు రకాలు కలిపి పంపమన్న మా సూచన మొదటి అర్జీలోనే ఉంది. బూడిద విషయమూ అంతే. విల్లో నేలలోని కాడ్మియం అనే విష లోహాన్ని పీల్చుకుంటుంది, కాల్చినప్పుడు అది పొగతో ఎగిరే బూడిదలో చేరుతుంది. అడుగు బూడిద పొలానికి మేలు, ఎగిరే బూడిదను వేరుగా ఉంచాలి. ప్లాంట్ల నుంచి మా పొలాలకు పంపుతున్నది రెండూ కలిసిన బూడిద.

కొనేవాడు లేకపోతే ఈ పంట ఏమవుతుందో లోకానికి తెలుసు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఆర్బ్రే ప్లాంటును నమ్ముకుని రైతులు విల్లో నాటారు. 2002లో ఆ సంస్థ మూతపడింది, చెట్లు పొలంలోనే నిలబడిపోయాయి. స్వీడన్‌లో 1990ల మొదటి సగంలో సబ్సిడీ చూసి నాటిన విస్తీర్ణం సుమారు 16,000 హెక్టార్లకు చేరి తర్వాత తగ్గిపోయింది. పనికిరాని మూలల్లో నాటి వదిలేసిన తోటలు చాలా. అదే దేశంలో ఎన్‌షోపింగ్ పట్టణం మురుగు శుద్ధి కేంద్రం నీటిని సుమారు 75 హెక్టార్ల విల్లోకు పారించి, ఆ కట్టెతో ఊరి నెట్‌వర్క్‌కు వేడి ఇచ్చింది. అక్కడ ప్లాంటు, నీటి శాఖ, రైతు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మేం కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం. ఏ రోజు, ఏ గదిలో అన్నది మీరు చెప్పండి చాలు.

మళ్ళీ అడుగుతున్నాం, విసుక్కోవద్దు. వేడి లెక్కన చెల్లించండి. తేమను ఓవెన్‌లో చూడండి. నిలువు కోతకు, చిప్పర్‌కు పథకంలో చోటివ్వండి. మొదటి కోత జరిమానా ఎత్తేయండి. ప్లాంటు మూతపడితే సరుకు ఎవరు కొంటారో ఒప్పందంలో రాయించండి.

ఇవన్నీ ఒకేసారి కుదరవంటే ముందు ఒక్కటి చేయండి: ఆకు రాలేలోపు కోత తేదీల జాబితా పంపండి, మూడో ఏడు పూర్తయిన పొలాలను అందులో ముందు పెట్టండి. పోయిన శీతాకాలం యంత్రం అందని పొలాల్లో కొమ్మలు ఇప్పటికే 6 సెంటీమీటర్లు దాటుతున్నాయి. ఏ పొలంలో ఎంత మందమో కొలిచి పట్టిక తయారుచేసి పెట్టాం. మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా అదే రోజు పంపుతాం.

భవదీయులు,
హీటింగ్ ప్లాంట్ల కోసం విల్లో, పాప్లార్ పెంచుతున్న రైతులు