డెన్వర్ నుంచి అత్తయ్యగారికి అరిసెల సంగతి

డెన్వర్,
కనుమ మరునాడు.

అత్తయ్యగారికి, మామయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమందరం క్షేమం. పండుగనాడు ఫోనులో మీరు అరిసెలు ఎలా వచ్చాయని అడగగానే, మీ అబ్బాయి మాట మార్చి మామయ్యగారి మోకాలి నొప్పిని గురించి వాకబు చేయడం మీరు గమనించే ఉంటారు. ఆ సంగతి ఫోనులో తేలేది కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు చెప్పినట్టే బియ్యం ముందురోజు నానబోసి, భోగినాటి ఉదయం వడకట్టి బట్టమీద ఆరబోశాను. తణుకులో అయితే ఆ చెమ్మ చాలాసేపు నిలుస్తుంది. ఇక్కడ చలికాలపు గాలి ఎండుగాలి, పైగా ఇంట్లో హీటరు రాత్రింబగళ్ళు నడుస్తూనే ఉంటుంది, అందువల్ల నేను పిల్లలకు తలంటి పోసి వచ్చేసరికి బియ్యం గలగలలాడుతున్నాయి. పిడికిట పడితే ముద్ద కట్టవలసిన పిండి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. మళ్ళీ తడిపి, ఈసారి పక్కనే కాపలా కూర్చుని, తడి ఉండగానే మిక్సీలో వేసి ఆ గండం గట్టెక్కాను.

అసలు కథ పాకం దగ్గర మొదలైంది. పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, చుక్క వేసి చూద్దామని నేను సిద్ధపడుతుండగా, అదంతా అంచనాల వ్యవహారమనీ, ఉండ పాకానికి 115 డిగ్రీలు రావాలని పుస్తకంలో స్పష్టంగా ఉందనీ అంటూ మీ అబ్బాయి కొత్త థర్మామీటరును గిన్నెలో దించారు. నీళ్ళలో ఉండ కడుతోందని నేను అంటూనే ఉన్నాను. ముల్లు ఇంకా రాలేదని ఆయన మంట తగ్గించనివ్వలేదు. తీరా 115 దగ్గర దించి పిండి కలిపితే, చలిమిడి గరిటెకు లొంగలేదు. వేడి పాలు చిలకరించి మర్దించి, ఎలాగో ఒత్తి నూనెలో వేశాను. విరగలేదు, నిజమే, కాని కొరకడానికి కూడా లొంగలేదు.

మరునాడు తీరిగ్గా ఆలోచిస్తే కారణం తెలిసింది. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కావడంతో నీళ్ళు 100 డిగ్రీల దాకా ఆగకుండా 95 దగ్గరే మరిగిపోతాయి. పాకానికీ అంతే తేడా వస్తుంది కనుక, అక్కడ 115 దగ్గర వచ్చే ఉండ ఇక్కడ 110 దగ్గరే వచ్చేస్తుంది. ఆ పుస్తకం రాసినవారు కొండమీద కాపురం చేసినవారు కాదు కాబోలు. పళ్ళెంలో నీళ్ళకు మాత్రం ఎత్తుపల్లాల పట్టింపు లేదు, అవి ఏ ఊళ్ళోనైనా ఒకే మాట చెబుతాయి.

గారెలకు కూడా ఇదే పీడ తగిలింది. పిండిలోని నీరు తక్కువ వేడికే ఆవిరైపోవడం వల్ల లోపల ఉడికేలోగానే పైన ఎర్రబడిపోయాయి. రెండో వాయి నుంచి మంట బాగా తగ్గించి, నిదానంగా వేయించాక దారికొచ్చాయి. ఆ మొదటి వాయి పొగకు పొగ గంట కూడా మోగి, చిన్నవాడు చెవులు మూసుకుని బాల్కనీలోకి పరుగెత్తాడు. పులిహోర ఒక్కటే అందరూ మెచ్చుకున్నారు. అన్నం రోజూ కాస్త పలుకుగా దిగుతోందని నేను విసుక్కుంటూ ఉంటాను, ఆ పలుకే పులిహోరకు కలిసివచ్చింది.

మిగిలిన అరిసెలను మీ అబ్బాయి రోజూ ముక్కలుగా కొట్టుకుని, వేడి పాలలో నానబెట్టుకుని తింటున్నారు. బాగానే ఉన్నాయని అంటున్నారు, నేను కాదనలేదు.

వేసవిలో మీరు ఇక్కడికి వచ్చేటప్పుడు అరిసెలు ఒత్తే చెక్కలు ఒక జత తీసుకురండి. రెండు గరిటెల మధ్య ఒత్తితే నూనె సరిగా దిగడం లేదు. బెల్లం మాత్రం మోసుకురావద్దు, ఇక్కడి దుకాణాల్లో దొరుకుతోంది. మామయ్యగారి మోకాలికి డాక్టరు ఏమన్నారో వివరంగా తెలియజేయండి.

ఇట్లు,
మీ కోడలు