ఐదింటికి గేటు మూసేస్తే పటం కథ ఎప్పుడు చెప్పించాలి, మంత్రిగారూ?

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

అయ్యా,

మ్యూజియంలో ప్రతి నెలా రెండో శనివారం జరగాల్సిన సాయంత్రాల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మైకు పట్టుకుని మాటిచ్చింది మీరే. నెలకో ప్రదర్శన, దాని వెంటే ఓ ప్రసంగం, ఆ పూట గేటు రాత్రి దాకా తెరిచే ఉంటుంది, టికెట్టు అడగరు, కళాకారులకు పారితోషికం అదే రోజు చేతికి అందుతుంది అన్నారు. ముందు వరసలో కూర్చున్న అధికారులు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మేమిచ్చిన అర్జీల మీద ఇన్‌వర్డ్ ముద్ర పడింది గానీ ఉలుకూ పలుకూ లేదు. స్వయంగా కలుద్దామని వస్తే ‘సారు రివ్యూలో ఉన్నారు’ అనే మాట తప్ప ఇంకోటి వినలేదు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను. మ్యూజియం పేరు మాత్రం రాయను. రాస్తే అక్కడి చిన్న ఉద్యోగుల మెడకు చుట్టుకుంటుంది. అది ఏ మ్యూజియమో మీకు తెలుసు.

ముందు గేటు. ఐదింటికి మూసేస్తారు. నాలుగున్నర నుంచే సెక్యూరిటీ వాళ్లు ‘టైమైంది, టైమైంది’ అంటూ లైట్లు ఆర్పుకుంటూ వస్తారు. వాళ్లననేం లాభం? షిఫ్టు అయిపోతుంది, పైన గంట ఉండమంటే ఓటీకి, అదే అదనపు పనిగంటల జీతానికి, ఉత్తర్వు లేదు. ఈ నగరంలో ఉద్యోగం చేసుకునేవాడు, కొట్టు నడుపుకునేవాడు ఐదు లోపు ఏ మ్యూజియానికి రాగలడు సార్? మీరు చెప్పిన సాయంత్రం కాస్తా మధ్యాహ్నమైంది, మధ్యాహ్నం కాస్తా పనిరోజు పదకొండు గంటలకు జరిగింది. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో పోస్టరొస్తుంది. అందులో మీ ఫొటో, శాఖ పెద్దల ఫొటోలు బాగా కనిపిస్తాయి. ఆడేవాళ్లు, పాడేవాళ్లు ఎవరయ్యా అంటే కింద ఓ మూల ‘జానపద బృందం’ అని ఉంటుంది. పేర్లుండవు. కుర్చీలు నిండాలి కాబట్టి బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి కూర్చోబెడతారు. పన్నెండున్నర కాగానే అన్నం వేళయిందని టీచరమ్మలు వాళ్లను లేపుకుపోతారు. కథ అప్పటికి సగంలో ఉంటుంది.

చేర్యాల పటం, అంటే కథంతా బొమ్మలుగా రాసిన పొడవాటి గుడ్డచుట్ట, దాని గురించి మీకు నేను చెప్పేంతవాణ్ణి కాను. అతిథులకు ఇచ్చే జ్ఞాపికల్లో అదీ ఒకటి కదా. అయినా ఒక్క మాట. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూసి, ఆరబెట్టి, ఎర్ర రంగు నేపథ్యం మీద నకాషీలనే చిత్రకారులు అన్నన్ని బొమ్మలు రాసింది గోడకు తగిలించుకోవడానికి కాదు. నలభై, యాభై అడుగుల పటాన్ని చుట్టగా చుట్టి, గడి తర్వాత గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ, రాత్రంతా పాడి చెప్పడానికి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు చెబుతారు. ఏ కులం కథ ఆ కులానికుంది, దాన్ని చెప్పి మిరాశీ, అంటే వంశపారంపర్యంగా వచ్చే ప్రతిఫలం, తీసుకునేవాళ్లున్నారు. పటం పాతబడి చిరిగితే కర్మ చేసి నీళ్లలో కలిపేయడం ఆచారం. అందుకే పాత పటాలు అంత అరుదు. మిగిలిన ఆ కొద్దింటిలో ఒకటి మీ మ్యూజియంలో అద్దం వెనక ఉంది. ఒక్క గడి కనిపిస్తుంది, మిగతాదంతా చుట్ట. కింద చీటీ మీద ‘గుడ్డపై రంగులు’ అని రాసుంది.

మీరు మాటిచ్చాక జరిగిన తొలి సాయంత్రం ఆ అద్దం ముందే కూనపులి బృందం కొత్తగా రాయించుకున్న పటం విప్పింది. మీరు అప్పటికే వేరే కార్యక్రమానికి వెళ్లిపోయారు కాబట్టి చూసి ఉండరు, చెబుతాను. పెద్దాయన రాగమెత్తితే వెనకున్న వంతపాటగాళ్లు అందుకున్నారు. మద్దెల, తాళాలు, అంతే. మైకు గుయ్యిమంటుంటే తీసి పక్కన పెట్టించి గొంతుతోనే నెట్టుకొచ్చాడు. యముడు పాశం విసిరే గడి దగ్గర కథ ఆపి, ముందు కూర్చున్న ఓ పాపను ‘ఇగ పిలగాడు ఏం జేస్తడు బిడ్డా?’ అని అడిగాడు. ఆ పాప జవాబు చెప్పకుండా లేచి, అద్దంలోని పాత పటం దగ్గరకెళ్లి, శివలింగాన్ని వాటేసుకున్న పిల్లవాడి బొమ్మ మీద వేలు పెట్టింది. ఏ చీటీ చెప్పగలదు సార్ ఆ సంగతి?

కథ అయ్యాక మ్యూజియం ఉద్యోగి ఒకరు ప్రసంగించారు. తెలుగులో. ఆ రంగులేమిటి, పాత గుడ్డ మీద వెలుతురు ఎక్కువ పడితే ఏమవుతుంది, అందుకే ఆ గదిలో దీపాలు అంత మసక అని విడమరిచి చెప్పారు. జనం లేవలేదు. మగ్గం నేసిన ఇంటి నుంచి వచ్చిన ఓ పెద్దాయన తన చిన్నతనంలో ఊళ్లో పటం ఎక్కడ కట్టేవారో చెప్పుకొచ్చాడు. ప్రసంగం కన్నా ప్రశ్నలు ఎక్కువసేపు నడిచాయి. అలాంటి పూటలు మరో రెండు మూడు జరిగాయేమో, ఆ తర్వాత సాయంత్రం లేదు, ప్రసంగం లేదు. ఇప్పుడు జరిగే పదకొండు గంటల తంతులో ఉండేది స్వాగతోపన్యాసం, వందన సమర్పణ, మధ్యలో శాలువాలు.

ఎందుకాపారంటే ముగ్గురు మూడు కారణాలు చెప్పారు. ‘జనం రారండీ’ అన్నారొకరు. సాలార్‌జంగ్ మ్యూజియానికి ఓసారి వెళ్లి చూడమనండి. (అది కేంద్రం చేతిలోది, ఈ ఫిర్యాదు దాని మీద కాదు.) గంట కొట్టే వేళకు గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొస్తుంది. ఆ కాసేపటి ముచ్చట కోసం జనం ముందే వచ్చి కూర్చుని ఎదురుచూస్తారు. 1968లో మ్యూజియం ఇప్పటి భవనంలోకి మారాక ఎన్ని తరాలు ఆ బొమ్మను చూశాయో! అంత ఓపికున్న ఊరు సార్ ఇది. బొమ్మకే అంతసేపు ఆగినవాళ్లు మనిషి పాడితే ఆగరా?

‘రవీంద్రభారతి ఉంది, గానసభ ఉంది, అక్కడ పెట్టుకోండి’ అన్నారు ఇంకొకరు. పెట్టుకోవచ్చు, పెట్టుకుంటూనే ఉన్నారు. కానీ ఆ పాత పటం అక్కడ లేదు కదా! పాటా, పటమూ ఒకేచోట ఉండటమే కదా అసలు సంగతి. రాగాలను బొమ్మలుగా గీసిన రాగమాల చిత్రాల ముందు ఆ రాగం పాడించవచ్చు, వెండి పొదిగిన బిద్రీ హుక్కా ముందు దక్కనీ ఉర్దూలో కబుర్లు చెప్పించవచ్చు. అదంతా తర్వాత. మూడోవారు ‘చప్పుడుకీ దుమ్ముకీ వస్తువులు పాడవుతాయి’ అన్నారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. అలాగైతే వరండాలో పెట్టించండి. పాత పటాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదని ఆ తొలి సాయంత్రమే తేలిపోయింది.

ఇక డబ్బు సంగతి. రాయాలంటేనే సిగ్గుగా ఉంది. ఆ బృందానికి రావాల్సింది ఇంకా రాలేదు. బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ అన్నారు, ఇచ్చారు. పాన్ కార్డు అన్నారు, తెచ్చారు. పేరులో అక్షరం తేడా ఉందని తిప్పి పంపారు, దిద్దించుకొచ్చారు. ఇప్పుడు ‘బిల్లు పెట్టాం, ఖజానాలో టోకెన్ పడింది, అక్కణ్నుంచి మా చేతుల్లో లేదు’ అంటున్నారు. నగరానికి రావడానికి ఛార్జీలు, పటం రాయించుకున్న ఖర్చు వాళ్లవే. కథ పాడిన పెద్దాయన నాకు ఫోన్ చేసినప్పుడల్లా డబ్బు గురించి అడగడు, ‘మల్ల ఎప్పుడు పెడుతున్నరు సారూ?’ అంటాడు. ఏం చెప్పమంటారు?

అదే బృందాన్ని మళ్లీ ఎక్కడ చూశానో తెలుసా? ఎవరో ముఖ్య అతిథి వస్తున్నారని రోడ్డు పక్క ఎండలో, తలపాగాలతో, తాళాలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ‘పటం తేవద్దు, అడ్డం. వేషం ఉంటే చాలు’ అన్నారట. కాన్వాయ్ వచ్చింది, వెళ్లింది. అద్దాలు దిగలేదు. 2022లో కిన్నెర వాయించే మొగులయ్య గారికి, 2024లో బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప గారికి, చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీలొస్తే ఊరంతా పొంగిపోయాం. మంచిదే. మరి వాళ్లలాంటి మిగతావాళ్లు మనకు కనపడేది కాన్వాయ్ దారిలోనేనా? కూర్చోబెట్టి, పూర్తి కథ విని, ఎందుకిలా చెబుతావని అడిగే చోటు ఒక్కటి మీరే చూపించి మీరే తలుపేశారు.

కొత్త పథకం అడగడం లేదు సార్. కమిటీ వద్దు, దయచేసి కమిటీ అసలే వద్దు. మీరు చెప్పిందే చేయండి. రెండో శనివారం సాయంత్రం గేటు తెరిపించండి, కాపలా ఉన్నవాళ్లకు ఓటీ ఉత్తర్వు ఇప్పించండి, పోస్టరు మీద కళాకారుల పేర్లు వేయించండి. మీ ఫొటో చిన్నదైనా ఫరవాలేదు కదా? ప్రసంగం తెలుగులో, ఉర్దూలో ఉండనివ్వండి. గేటు, సార్, ముందు గేటు.

మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవమని మళ్లీ ఫ్లెక్సీ పడుతుంది. ఆ లోపు బృందానికి రావాల్సిన డబ్బు ఇప్పించి, ఒక్క సాయంత్రమైనా పెట్టించండి. అదీ కుదరదంటే, కనీసం ఆ రోజు వాళ్లను ఎండలో నిలబెట్టకండి.

ఇట్లు,
మీ మాట నమ్మి వచ్చిన ప్రేక్షకుల్లో ఒకడు,
చిక్కడపల్లి, హైదరాబాద్