అరవై దాటినవాళ్ళకి ఆట ఎవరు నేర్పుతారు?

ఎడిటర్ గారికి నమస్తే,

మీ బెంగళూరు ఎడిషన్‌లో సమ్మర్ క్యాంపుల పేజీ చూశాక ఇది రాస్తున్నా. స్విమ్మింగ్, బ్యాడ్మింటన్, స్కేటింగ్ అన్నీ ఇచ్చారు, అన్నీ పిల్లలకే. మా నాన్నకి 63.

నాన్న నంద్యాలలో గుమస్తాగా రిటైరై మారతహళ్ళిలో మా దగ్గరే ఉంటున్నారు. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో మన బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఆడుతోందని తెల్లారకముందే లేచి టీవీ పెట్టారు, అప్పటిదాకా ఆయనకి గోల్ఫ్‌లో ఓనమాలు కూడా తెలీవు, ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉన్న పిల్ల ఒకే ఒక్క స్ట్రోక్, అంటే బంతిని కొట్టే ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయి నాలుగో స్థానంలో ఆగిపోతే ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. అప్పట్నుంచి ఒక్కసారైనా ఆ కర్ర పట్టి బంతి కొట్టాలని ఆయన కోరిక.

మొన్న నేనే ఒక ప్రాక్టీస్ చేసే చోటికి తీసుకెళ్ళా. మెంబర్‌షిప్ అక్కర్లేదు, బంతులు బుట్ట లెక్కన ఇస్తారు. కోచ్ నాన్నని పైనుంచి కిందిదాకా చూసి "ఇప్పుడెందుకు అంకుల్, మనవణ్ణి చేర్పించండి" అనేశాడు. నాన్న ఏమీ అనలేదు, మెల్లగా వెళ్ళి ఆటో దగ్గర నిలబడ్డారు.

ఆ వారమే ఇద్దరం ఒక స్వీడన్ కామెడీ చూశాం, 'ది యాక్సిడెంటల్ గోల్ఫర్', 1991లో వచ్చింది. లస్సె ఓబెరి అనే ఆయనే డైరెక్టరు, హీరో కూడా. దళసరి కళ్ళద్దాలు, బెరుకు, పాత రాజేంద్రప్రసాద్ సినిమాల్లో అమాయకుడు ఉంటాడే అలాంటివాడు, వారంలో గోల్ఫ్ వస్తుందా రాదా అని డబ్బున్నవాళ్ళు వేసుకున్న పందెంలో ఇరుక్కుని, నార్వే ఫ్రెండుతో కలిసి స్కాట్లాండ్‌లో ఒక పెద్దాయన దగ్గరికి నేర్చుకోడానికి పోతాడు. ఇదే పాత్రని 1985లో మంచు కొండల మీద స్కీయింగ్‌కి కూడా పంపాడంట ఆ డైరెక్టరు. ఇలాంటి హీరో మన సినిమాల్లో కూడా రావాలి, మనకి ఆట సినిమా అంటే కప్పు గెలవాల్సిందే కదా. సబ్‌టైటిల్స్ నేను తెలుగులో చెప్తుంటే నాన్న కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు, చాలా రోజులైంది ఆయన్ని అలా చూసి. అయిపోయాక "వాడికి వారం చాలితే నాకు ఏడాది చాలదంట్రా?" అన్నారు.

ఈ ఊళ్ళో గోల్ఫ్ క్లబ్ 1876 నుంచే ఉంది. ఇన్నేళ్ళ ఊళ్ళో అరవై దాటినవాళ్ళకి ఓపిగ్గా నేర్పే కోచ్‌లు ఉండకపోరు, గోల్ఫ్ ఒక్కటే కాదు, ఈత గానీ టెన్నిస్ గానీ, ఏదైనా. దయచేసి మీ రిపోర్టర్లు కనుక్కుని ఎక్కడ నేర్పుతారు, ఫీజెంత, ఏ బస్సెక్కాలి అని ఒక పేజీ వేయండి. నాన్న రోజూ పేపర్ వెనక పేజీ నుంచే చదువుతారు, అక్కడైతే ఆయనకే ముందు కనబడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు