ఇకపై మీ బిల్లు మెయిల్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది

కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి బిల్లులు చేత్తో తయారుచేయడం మానేస్తున్నాం. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ఒక చిన్న స్క్రిప్ట్ (ప్రోగ్రామ్) మా లెక్కల షీట్ చదివి, ఎవరి బిల్లు వాళ్లకు పీడీఎఫ్ చేసి, మెయిల్‌కు జతచేసి పంపుతుంది. నెలాఖరులో బిల్లు ఆలస్యమవుతోందని మీలో చాలామంది అంటున్నారు. ఆ ఇబ్బంది తీరాలనే ఈ మార్పు.

నా బిల్లు ఇంకొకరికి వెళ్తుందేమోనని మీకు అనుమానం రావచ్చు. నాకూ అన్నిటికన్నా పెద్ద టెన్షన్ అదే. అందరికీ ఒకే మెయిల్‌ను తిప్పితిప్పి వాడితే, ముందువాళ్ల ఫైల్ అందులోనే ఉండిపోయి తర్వాతివాళ్లకూ వెళ్లిపోతుంది. అందుకే ఒక్కొక్కరికి మెయిల్ కొత్తగా మొదలయ్యేలా రాయించాం. ఫైల్ పేరులోని కస్టమర్ నంబరు, మెయిల్ అడ్రస్ పక్కన మేం రాసుకున్న నంబరుతో కలవకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. పంపేముందు ప్రతి పీడీఎఫ్‌నూ నేనే తెరిచి చూస్తాను. ఆ పని మాత్రం మెషీన్‌కు వదలను.

తెలుగు పేర్ల దగ్గర చాలా శ్రమపడ్డాం. పీడీఎఫ్ తయారుచేసే కొన్ని లైబ్రరీలకు, అంటే ముందే రాసిపెట్టిన కోడ్‌లకు, ఒత్తులు కలపడం రాదు. 'లక్ష్మి' అని ఇస్తే క, ష పొల్లులతో, మి పక్కన వేరుగా, అన్నీ విడివిడిగా పడతాయి. మీ పేరు అలా ముక్కలై కనిపించడం నాకు ఇష్టం లేదు. అందుకని బిల్లును ముందు వెబ్ పేజీగా చేసి, బ్రౌజర్ ద్వారా పీడీఎఫ్‌గా మారుస్తున్నాం. ఫాంట్ కూడా ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి ఏ ఫోన్‌లోనైనా చదువుకోవచ్చు. మెయిల్‌కు జతచేసిన ఫైల్ సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది, అందుకే లోగో బొమ్మను చిన్నది చేశాం.

ఒకటి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. మా మెయిల్‌ను సర్వర్ తీసుకున్నంత మాత్రాన అది మీకు చేరినట్టు కాదు. మెయిల్ నిజంగా మా దగ్గర్నుంచే వచ్చిందని అవతలి సర్వర్ సరిచూసుకునేలా మా డొమైన్‌కు (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాతి పేరుకు) ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే ఏర్పాట్లు రెండూ పెట్టాం, అయినా స్పామ్‌లో పడదని గ్యారంటీ ఇవ్వలేను. బిల్లు కనబడకపోతే స్పామ్ ఫోల్డర్ ఒకసారి చూడండి. అక్కడా లేకపోతే ఫోన్ చేయండి. బిల్లు అందనివాళ్ల దగ్గర ఆలస్య రుసుము తీసుకోం.

మేం పంపేది పీడీఎఫ్ ఒక్కటే. జిప్ ఫైలో, డబ్బు కట్టమనే లింకో మా పేరుతో వస్తే తెరవకండి. బ్యాంకు ఖాతా మారిందని కూడా మెయిల్‌లో ఎప్పుడూ చెప్పం. కాగితం బిల్లే కావాలనుకునేవాళ్లు ఒక్క మాట చెప్పండి, ఎప్పటిలాగే ఇస్తాం.