ఫిలిగ్రీ జుంకాలకు ఇక గ్రాము రేటు చెప్పం

కొట్టుకు వచ్చేవాళ్లకు, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకు ఒక మాట. ఈ నెల నుంచి మా దగ్గర కరీంనగర్ ఫిలిగ్రీ (సన్న వెండి తీగలను వంచి, అతికించి చేసే పని) వస్తువుల చీటీ మీద రెండు లెక్కలు విడివిడిగా ఉంటాయి. వెండి ఖరీదు ఒకటి, చేతి మజూరీ ఒకటి. ఇన్నాళ్లూ రెండూ కలిపి ఒకే ధర చెప్పేవాళ్లం. వెండి కుదురుగా ఉన్నన్నాళ్లు అది నడిచింది. కిలో లక్ష దాటితేనే అబ్బో అనుకున్నాం, 2025 ముగిసేలోపే రెండు లక్షలూ చూశాం. అప్పటి నుంచి ప్రతి బేరం ఒకే దగ్గర ఆగుతోంది: "అన్నా, గ్రాముకు ఎంత పడుతుంది? ఇదే డిజైన్ బయట ఇంకా తక్కువకు ఇస్తున్నరు కదా!"

ఇస్తున్నారు, నేనూ చూశాను. అది అచ్చులో పోసిన సరుకు. ఒక మంచి జుంకాను నమూనాగా పెట్టి రబ్బరు అచ్చు తీస్తారు. అందులోకి మైనం ఎక్కించి బొమ్మలు తీస్తారు, వాటిని ఒక కాడకు కొమ్మల్లా అతికిస్తారు. చుట్టూ ప్లాస్టర్ పోసి, కొలిమిలో పెట్టి మైనాన్ని కాల్చేసి, ఆ ఖాళీలోకి కరిగిన వెండి పోస్తారు. ఒక్క పోతకు బోలెడన్ని జుంకాలు దిగుతాయి. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. ఎక్కడికక్కడ ఒకే కొలత, ఒకే బరువు, ధర కూడా అందరికీ అందేలా ఉంటుంది.

మా దగ్గర పనిచేసే మామ చేసేది ఇంకో దారి. శుభ్రమైన వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తాడు. దాన్ని కమ్మచ్చు (వరసగా బెజ్జాలున్న ఇనుప పలక) బెజ్జాల్లోంచి, పెద్ద బెజ్జం నుంచి చిన్నదానికి మారుస్తూ లాగుతాడు. లాగిన కొద్దీ తీగ బిరుసెక్కుతుంది, మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచాలి. వెంట్రుకలా సన్నబడ్డాక రెండు తీగల్ని కలిపి పురి పెట్టి, సాగగొట్టి చదును చేస్తాడు. ఇప్పుడు అంచు చూస్తే సన్నటి రంపం పళ్లలా గరగరలు కనిపిస్తాయి. ఫిలిగ్రీకి వచ్చే తళుకంతా ఆ పళ్ల మీద వెలుగు పడటం వల్లే. ఆ తర్వాత మందపాటి తీగతో జుంకా చట్రం కట్టి, లోపల ఈ సన్న తీగను పట్టకారుతో చుట్లు చుట్లుగా వంచి బిగిస్తాడు. పైన టంకం పొడి (తీగల్ని అతికించే లోహం), వెలిగారం చల్లి మంట చూపిస్తాడు.

అసలు టెన్షన్ ఇక్కడే. టంకం కరగాలి, పక్కనున్న తీగ కరగకూడదు. ఈ రెండింటికీ మధ్య ఉండేది ఒకటి రెండు క్షణాలే. వెండి ఎర్రబడే రంగు చూసి మంట తప్పించాలి. మామ ఆ సమయంలో ఎవరితోనూ మాట్లాడడు, ఫోన్ మోగినా అంతే. చెయ్యి కాస్త ఆలస్యమైతే అంతసేపు అమర్చిన తీగలన్నీ ఒక ముద్ద అవుతాయి. ఆ జుంకా మళ్లీ మూసలోకే.

గ్రాము లెక్క ఎందుకు కుదరదో ఇప్పుడు చెబుతాను. అచ్చులో అంత సన్న తీగ సరిగ్గా దిగదు, అందుకని కాస్త మందంగా చేస్తారు. అదే సైజు అచ్చు జుంకా ఎక్కువ తూగుతుంది. మా జుంకాలో చాలా భాగం ఖాళీ, కాబట్టి తేలిగ్గా ఉంటుంది. తక్కువ బరువు, ఎక్కువ పని. తక్కెడలో పెట్టి గ్రాములతో భాగిస్తే మాది మోసంలా కనిపిస్తుంది. మందపాటి తీగ వేసి బరువు పెంచితే గ్రాము ధర చవకైపోతుంది, పని మాత్రం నాసిరకం అవుతుంది. ఆ బేరానికి నేను ఒప్పుకోను.

మొన్న ఒకామె ఆన్‌లైన్‌లో "కరీంనగర్ ఫిలిగ్రీ" అని కొన్న జుంకా విరిగితే బాగుచేయమని తెచ్చింది. భూతద్దం కింద పెట్టాం. తీగల అంచులు మొద్దుగా ఉన్నాయి, పురి గరగరలు అరిగిపోయినట్టున్నాయి. రెండు తీగలు కలిసే దగ్గర సందే లేదు, అంతా ఒకే పోత. వెండి మాత్రం నిజమైన వెండే. మీరు కొనేటప్పుడూ ఆ అంచులు చూడండి. హాల్‌మార్క్ ఉందా అని అడగడం మంచిదే, కానీ అది లోహం ఎంత స్వచ్ఛమో చెబుతుంది, ఎవరు ఎలా చేశారో చెప్పదు. 925 ముద్ర (92.5 శాతం వెండి అని) అచ్చు సరుకు మీదా ఉంటుంది. కరీంనగర్ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) 2007లోనే వచ్చింది, ఒడిశాలోని కటక్ ఫిలిగ్రీ అయిన తారకసికి 2024లో వచ్చింది. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు వచ్చిన ఈ పని ఒకప్పుడు అత్తరు దానీలకూ పాన్‌దాన్‌లకూ పేరుపడింది. జుంకాలు, పెండెంట్లు తర్వాత వచ్చిన గిరాకీ.

ఇక మీకు నచ్చని సంగతులు. ఫిలిగ్రీ నగ తిరిగి అమ్మడానికి తెస్తే వెండి ఖరీదే ఇస్తాం, మజూరీ డబ్బులు రావు. డబ్బు దాచుకోవడానికే అయితే వెండి బిస్కెట్ కొనుక్కోండి, నా దగ్గర నగ కొనకండి. రోజూ పెట్టుకునే చైను, మెట్టెలు, పిల్లల పట్టీలు మిషన్‌వే తీసుకోండి. గట్టిగా ఉంటాయి, నేనూ అవే అమ్ముతున్నాను. ఇకపై వాటిని వేరే ట్రేలో పెట్టి "మిషన్ పని" అని రాసే ఉంచుతాం. ఫిలిగ్రీ జుంకా జుట్టుకు పట్టుకుంటుంది, చున్నీకి చిక్కుకుంటుంది, దాంతో పడుకోకూడదు. అత్తరు, స్ప్రే కొట్టుకున్నాకే పెట్టుకోవాలి. నల్లబడితే కుంకుడు రసంలో వేసి మెత్తటి బ్రష్‌తో తోమితే చాలు. ఒక తీగ ఊడితే ఆ తీగ మార్చి ఇవ్వగలం. మా దగ్గర కొన్నదైతే దానికి మజూరీ తీసుకోం.

పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్ట్‌గా కుంకుమ భరిణెలు అడిగేవాళ్లు ముహూర్తం పెట్టుకున్న రోజే చెప్పండి. వారం ముందు వచ్చి వంద కావాలంటే మేం చేసివ్వలేం. బయటి నుంచి అచ్చు సరుకు తెచ్చి మా పేరు మీద ఇవ్వం. ఆర్డర్‌కు సగం అడ్వాన్స్. వెండి రేటు అడ్వాన్స్ కట్టిన రోజుదే, తర్వాత పెరిగినా తగ్గినా అదే. మజూరీ ఎంతో ముందే చీటీ మీద రాసిస్తాం. వెండి, మజూరీ కలిపిన మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ అదనం. ఇంట్లో పాత పట్టీలు, విరిగిన గిన్నెలు ఉంటే తీసుకురండి. మీ ఎదుటే తూచి, కరిగించి, ఎంత శుద్ధ వెండి తేలితే అంతా మీ ఆర్డర్ లెక్కలో పడుతుంది.