కాదనైనా చెప్పండి: విద్యాశాఖ మంత్రి గారికి ఒక చరిత్ర విద్యార్థిని బహిరంగ లేఖ

తిరుపతి, జూన్ నెల.

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఎం.ఏ. చరిత్ర చదివాను. మాది చిత్తూరు జిల్లాలో పూతలపట్టు దగ్గర పల్లె. ఇప్పుడు తిరుపతిలో రూము తీసుకుని, ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెబుతున్నాను. పీహెచ్‌డీ సీటు కోసం పోయిన నవంబరులో ఇంటర్వ్యూకు వెళ్లొచ్చాను. ఇది జూన్. సీటు వచ్చిందో రాలేదో ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు.

ఏ యూనివర్సిటీయో రాయడం లేదు. పేరు రాస్తే ఇది ఒక్కచోటి గొడవ అయిపోతుంది. మా రూముల్లో, లైబ్రరీ బల్లల దగ్గర నాలాగే ఎదురుచూసేవాళ్లం నలుగురైదుగురం ఉన్నాం. అప్లై చేసిన చోట్లు వేరు, కొందరి సబ్జెక్టులు కూడా వేరు. ఫోన్ తీసి స్టేటస్ చూస్తే మాత్రం అందరికీ ఒకటే మాట: అండర్ ప్రాసెస్.

సీటు ఇప్పించమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదండీ. నాకంటే బాగా చదివినవాళ్లు ఉంటే వాళ్లకే ఇవ్వాలి. నేను అడిగేది ఒక తేదీ. అవునో కాదో ఫలానా రోజుకల్లా చెబుతాం అనే తేదీ.

నేను చదవాలనుకున్నది చెరువుల గురించి. తిరుమల, తిరుపతి గుళ్ల గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి వంటి పండితులు చదివిపెడితే, 1930లలో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేయించింది. విజయనగర కాలంలో భక్తులు స్వామికి నైవేద్యం జరిపించమని శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, డబ్బు కట్టేవాళ్లు. ఆ డబ్బును ఊరికే దాచిపెట్టలేదు. దేవుడి మాన్యం ఊళ్లలో చెరువు తవ్వించడానికో, కాలువ తీయించడానికో ఖర్చుపెట్టారు. అలాంటి ఊళ్లను శాసనాల్లో తిరువిడైయాట్టం అంటారు. నీళ్లు పారి పెరిగిన పంటలోంచి నైవేద్యం నడిచేది. ప్రసాదంలో నాలుగో వంతు దాతది. దానికి విట్టవన్ విళుక్కాడు అని పేరు. ఎవరు ఎంత కట్టారో, ఏ ఊరి చెరువుకో, ఏ శక సంవత్సరంలో ఏ తిథినో రాతి మీద ఉంది. ఆ ఊళ్లు ఇప్పుడు ఏ పేర్లతో ఉన్నాయి, ఆ చెరువుల్లో నీళ్లు నిలిచేవి ఎన్ని, కట్టలు తెగినవి ఎన్ని, ప్లాట్లయిపోయినవి ఎన్ని? ఇదే నా సినాప్సిస్, అంటే పీహెచ్‌డీకి నేను రాసిచ్చిన పరిశోధన ప్రతిపాదన. మా ఇల్లు మూడు తరాలు చెరువు కింద మడి చేసుకుని బతికింది. ఇప్పుడు బోరు నీళ్లతో మామిడి తోట. ఆ చెరువు ఎవరు తవ్వించారో మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

ఈ శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. మా అవ్వ పుట్టిల్లు గుడియాత్తం వైపు. మాట ఆమె దగ్గర వచ్చింది, అక్షరాలూ ఆమే పలక మీద దిద్దించింది. పాత లిపి, సంస్కృతం మాటలు రాయడానికి వాడిన గ్రంథాక్షరాలు తర్వాత విడిగా కూర్చుని నేర్చుకున్నాను.

ఈ మధ్య ఒక ఆదివారం మా పక్క ఊరి పాత శివాలయానికి వెళ్లాను. గర్భగుడి గోడకు కింద, అధిష్ఠానం (రాతి పీఠం) మీద మూడు వరసల రాత ఉంది. సగానికి పైగా ఆయిల్ పెయింటు కింద పడిపోయింది. పూజారి గారిని అడిగి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, రాతిని నీళ్లతో తడిపాను. పొద్దున ఏడు గంటల ఎండ ఏటవాలుగా పడుతుంటే, అంతసేపూ కనబడని గీతలు మెల్లగా తేలాయి. అరగంటకు నాలుగైదు అక్షరాలు పట్టుబడ్డాయి. అందులో ఒక మాట ‘ఏరి’. తమిళంలో చెరువు. నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఎలా చెప్పాలో తెలియదు. తర్వాతి వరస పెయింటు కింద ఉంది. పై ఏడు ఉత్సవానికి మళ్లీ రంగులు వేయిస్తామని పూజారి గారు సంతోషంగా చెప్పారు. ఇలాంటి రాతలు ఎదురుచూడవండీ. నేను పీహెచ్‌డీకి రిజిస్టరై, పరిశోధన చేయించే గైడ్ సంతకంతో ఉత్తరం పట్టుకుని వెళ్తే రంగు వేయకుండా ఆపమని అడగగలను. ఇప్పుడు నేనెవరినని ఆపమంటాను?

ఇక ఈ ఆలస్యం ఎలా పని చేస్తుందో చెబుతాను. ఇది బయటివాళ్లకు తెలియదు. ఆఫీసుల్లో ఉన్నవాళ్లలో కూడా అందరికీ పట్టినట్టు లేదు.

2024-25 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు నెట్ స్కోరు వాడుకోమన్నారు. నెట్ అంటే ఢిల్లీలోని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) తరఫున జరిగే జాతీయ అర్హత పరీక్ష. మంచిదే, ఊరికో ఎంట్రెన్స్ రాసే బాధ తప్పింది. చరిత్ర పేపరు ఇంగ్లీషు, హిందీలోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం పిల్లలం రెట్టింపు కష్టపడ్డాం, అయినా రాశాం. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకు నెలకు 37,000 ఫెలోషిప్ ఉంటుంది. నేను ఆ జాబితాలో లేను. పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత వచ్చినవాళ్లలో ఉన్నాను. మా స్కోరు ప్రవేశానికి ఒక్క ఏడాదే చెల్లుతుంది. పోయిన జులైలో ఫలితం వచ్చింది. వచ్చే నెలాఖరుకు దాని గడువు తీరిపోతుంది.

ఇంటర్వ్యూ అయిన నెలకే, డిసెంబరులోనే, నీకు రాలేదమ్మా అని చెప్పి ఉంటే ఇదే స్కోరుతో ఇంకో రెండు చోట్ల అప్లై చేసి ఉండేదాన్ని. ఆ నోటిఫికేషన్లు వచ్చాయి, పోయాయి. ఒక్కోదానికి ఫీజు, ప్రయాణం, మళ్లీ సినాప్సిస్ ప్రింట్లు. ఇక్కడ దాదాపు వచ్చినట్టే అని ఒకరు, కష్టమని ఇంకొకరు చెబుతుంటే నెల జీతం లెక్క చూసుకుని ఆగిపోయాను. ఇప్పుడు కాదంటే ఆ కాదు నాకు దేనికీ పనికిరాదు. మళ్లీ నెట్ రాయాలి, మళ్లీ మొదటి మెట్టు.

మాకు మార్కుల్లో స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఇంటర్వ్యూ ముగిసిన సాయంత్రానికి రెండు అంకెలూ కమిటీ చేతిలో ఉంటాయి. రెండూ కూడి, రిజర్వేషన్ రోస్టర్ చూసి, జాబితా వేయడానికి ఒక నెల చాలదా?

ఇంకో సంగతి గైడ్లది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురికి మించి గైడ్‌గా ఉండకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఈ నిబంధనలు న్యాయమైనవే. కానీ పోస్టులు భర్తీ చేయకపోతే సీట్లు ఉండవు, ఉన్న గైడ్లు ఒక్కొక్కరే ఆ మూడేళ్ల గీత దాటిపోతారు. శాసనాలు చదవగల అధ్యాపకులు ఎక్కడైనా తక్కువే. నేను ఎవరి దగ్గర పనిచేయాలనుకున్నానో వారికి ఇంటర్వ్యూ నాటికి మూడేళ్ల మీద కొన్ని నెలల సర్వీసు ఉంది. ఇప్పుడు ఆ కొన్ని నెలలు అయిపోయాయి. నా తప్పు లేదు, వారి తప్పూ లేదు. ఫైలు కదలలేదు, అంతే.

మూడుసార్లు సెక్షన్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి ఒకామె నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, “నా చేతుల్లో ఏమీ లేదమ్మా, ఒక సంతకం ఆగింది” అన్నారు. ఎవరి సంతకం అని అడగలేకపోయాను. ఆమె చేస్తున్న పని ముగ్గురు చేయాల్సిందని ఆ బల్ల చూస్తేనే తెలుస్తోంది. ఆమె మీద నాకు కోపం లేదు.

ఈ నెల 12న స్కూళ్లు తెరిచారు. కరెస్పాండెంట్ గారు పిలిచి, “ఏడాదంతా ఉంటావా?” అని అడిగారు. అబద్ధం చెప్పలేక, పీహెచ్‌డీ సీటు వస్తే వెళ్లిపోతానన్నాను. క్లాస్ టీచర్ బాధ్యత వేరొకరికి ఇచ్చారు, దాంతో వచ్చే అదనపు జీతమూ పోయింది. వాళ్లను ఏమనగలను? పిల్లలను మధ్యలో వదిలిపోయే టీచరు ఎవరికి కావాలి? ఇంట్లో ఇది మామిడి కోతల కాలం. నాయన ఫ్యాక్టరీ దగ్గర ట్రాక్టర్ల వరసలో ఉండి ఫోన్ చేస్తాడు. కాయ రేటు మాట్లాడి, పెట్టేసే ముందు “ఏమైంది పాపా, ఏమన్నా తెలిసిందా?” అంటాడు. లేదు నాయనా అంటాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడం. ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. టెన్షన్ నాది ఒక్కదానిదే అయితే రాసేదాన్ని కాదు.

నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి అమెరికాలో చరిత్ర పీహెచ్‌డీకి అప్లై చేసింది. అక్కడ డిసెంబరు, జనవరి ప్రాంతంలో దరఖాస్తులు తీసుకుని, చాలా డిపార్టుమెంట్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో జవాబు చెప్పేస్తాయట. ఫెలోషిప్‌తో సీటు ఇచ్చిన చోటికి వస్తారో రారో చెప్పడానికి విద్యార్థికి ఏప్రిల్ 15 దాకా గడువు. చాలా యూనివర్సిటీలు కలిసి ఒప్పుకున్న తేదీ అది. వెయిటింగ్ లిస్టులో ఉంటే ఆ మాటా చెబుతారు. మా అమ్మాయికి ఎక్కడా రాలేదు. ఒక్కో ‘కాదు’ వచ్చినప్పుడల్లా ఏడ్చింది. మార్చి నెలాఖరుకు అన్నీ తెలిసిపోయాయి, ఏప్రిల్‌లో బీఈడీ ఎంట్రెన్స్‌కు చదవడం మొదలుపెట్టింది. వాళ్ల దగ్గర ఉన్నంత డబ్బు మన దగ్గర లేదు, తెలుసు. తేదీ ప్రకటించి దానికి కట్టుబడడానికి అంత డబ్బు అక్కర్లేదు కదా.

కాబట్టి మంత్రి గారూ, నా విన్నపం ఇది. పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఇచ్చే రోజే ఫలితం ఇచ్చే తేదీ కూడా అందులో ఉండాలని రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ చెప్పండి. ఇంటర్వ్యూ అయ్యాక నెల రోజుల్లోపు మార్కులతో జాబితా, వెయిటింగ్ లిస్టు నోటీసు బోర్డులో పెట్టించండి. రానివాళ్లకు రాలేదని రెండు వాక్యాలు రాసి పంపమనండి, కారణం కూడా రాస్తే ఇంకా మేలు. నెట్ స్కోరు గడువు, గైడ్ల సర్వీసు లెక్క ఢిల్లీలో తేలేవి. ఆలస్యం యూనివర్సిటీదైతే దాని నష్టం విద్యార్థి మీద పడకుండా చూడమని, గైడ్ సర్వీసును నోటిఫికేషన్ తేదీ నుంచి లెక్కించమని మీరు యూజీసీకి ఒక ఉత్తరం రాయండి. మీరు రాస్తే చదువుతారు. ఖాళీ పోస్టుల సంగతి మీకు నేను చెప్పాల్సింది కాదు, కానీ చరిత్ర శాఖలను చిట్టచివర పెట్టకండి. కొండ మీద అన్ని శాసనాలు, చంద్రగిరిలో రాజమహల్, ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో క్రీస్తు పూర్వపు శివలింగం ఉన్న చోట, వాటిని చదివేవాళ్లు తయారుకాకపోతే ఇంకెక్కడ తయారవుతారు?

నేను వచ్చే ఆదివారం మళ్లీ ఆ శివాలయానికి వెళ్తాను. ‘ఏరి’ తర్వాతి అక్షరాలు ఫోటోల్లోనైనా ఎక్కించి పెట్టుకోవాలి.

నా స్కోరుకు ఇంకా ఆరు వారాల ఆయుష్షు ఉంది. ఈ లోపల నాకూ, నాతో ఎదురుచూస్తున్నవాళ్లకూ అవునో కాదో చెప్పించండి.

భవదీయురాలు,
ఒక చరిత్ర విద్యార్థిని,
పూతలపట్టు ప్రాంతం, చిత్తూరు జిల్లా