2024–25 వార్షిక నివేదిక: బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మన వయోవృద్ధుల సంఘం సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

ఏటా ఈ నివేదికను ఉగాది పంచాంగ శ్రవణంతో మొదలుపెట్టి, కార్తీక వనభోజనాల మీదుగా దాతల సన్మానం దాకా తీసుకెళ్ళడం మన అలవాటు. ఈసారి కార్యక్రమాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నెలనెలా బీపీ, షుగర్ పరీక్షలు జరిగాయి. నవంబరులో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల కోసం మన హాల్లోనే ఫోన్‌లో ముఖం చూపించి పని పూర్తిచేసే ఏర్పాటు చేశాం. వేలిముద్రలు అరిగిపోయి బ్యాంకు చుట్టూ తిరిగేవాళ్ళకు అది బాగా పనికొచ్చింది. ఒంటరిగా ఉంటున్నవాళ్ళకు మధ్యాహ్నం క్యారేజీ భోజనం ఏడాది పొడవునా అందింది అని కూడా రాయబోయాను. కానీ అది అబద్ధం అవుతుంది. జూన్‌లో తొమ్మిది రోజులు ఆగింది.

మిగతావన్నీ పక్కనపెట్టి ఆ తొమ్మిది రోజుల గురించీ, వాటి వల్ల మన కార్యవర్గంలో మారినవాటి గురించీ రాస్తున్నాను. కొందరికి నచ్చకపోవచ్చు. పరువు పోతుందని ఇద్దరు పెద్దలు ఇప్పటికే అన్నారు.

తొమ్మిది రోజులు

మన ఖాతాలో డబ్బు తీయాలంటే చెక్కు మీద కార్యదర్శి, కోశాధికారి ఇద్దరూ సంతకం పెట్టాలి. నియమం మంచిదే. అప్పటి కార్యదర్శిగారు 2024 ఏప్రిల్‌లో కూతురి పురిటికని అమెరికా వెళ్ళారు, ఆరు నెలలకి. వెళ్ళేముందు కొన్ని ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. అలా చేయకూడదని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు. తోచినవాళ్ళు పైకి అనలేదు. మే నెలాఖరున కోశాధికారిగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది.

అంటే అమెరికాలో ఉన్నవారి సంతకం చెక్కు మీద సిద్ధంగా ఉంది, పక్కవీధిలో ఉన్నవారి సంతకం లేదు.

సంతకందారులను మార్చమని బ్యాంకుకి వెళ్తే వాళ్ళు మూడు కాగితాలు అడిగారు: కార్యవర్గ తీర్మానం, మినిట్స్ బుక్ (సమావేశాల్లో జరిగింది రాసే పుస్తకం) నకలు, సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలైన ప్రస్తుత కార్యవర్గ జాబితా. ఆ పూట వాళ్ళని తిట్టుకున్నాం గానీ, అడిగింది న్యాయమే. ఎవరో నలుగురు ముసలాళ్ళు వచ్చి మేమే సంఘం అంటే ఇచ్చేస్తారా? మినిట్స్ బుక్ కోశాధికారిగారింట్లో బీరువాలో ఉంది. తాళంచెవి ఎక్కడ పెట్టారో ఆయన చెప్పగలిగే స్థితిలో లేరు. ఆయన భార్య రెండు రోజులు వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది. పుస్తకం తెరిస్తే చివరి నాలుగు సమావేశాలకు సంతకాలున్నాయి, రాతలు లేవు.

జాబితా సంగతి ఇంకా దారుణం. 2001 నాటి మన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కార్యవర్గ జాబితాని ఏటా దాఖలు చేయాలి. రెండేళ్ళుగా మనం చేయలేదు. రిజిస్ట్రార్ కార్యాలయం లెక్కలో మన ఉపాధ్యక్షుడు ఇంకా పదవిలోనే ఉన్నారు. ఆయన సంవత్సరీకం కూడా అయిపోయింది.

ఈలోగా క్యారేజీలు వండే అబ్బాయి ఓపిక ఉన్నన్నాళ్ళు అరువు మీద వండి, గ్యాసుకీ బియ్యానికీ డబ్బుల్లేక ఆపేశాడు. కొందరికి ఇరుగుపొరుగువాళ్ళు పెట్టారు. మన సభ్యురాలు ఒకరు తన ఇంట్లోనే ఆరుగురికి వండి పంపారు. ఒక మామ్మగారు మాత్రం తొమ్మిది రోజులూ పాలూ బ్రెడ్డుతో గడిపి ఆ సంగతి మనకి చెప్పనేలేదు. పదో రోజు ఇద్దరు సభ్యులు చేబదులు ఇస్తే పొయ్యి వెలిగింది.

ఒక్క రూపాయి దుర్వినియోగం కాలేదు. ఆడిటర్ కూడా అదే అన్నారు. మంచివాళ్ళందరూ కలిసి నడుపుతున్న సంఘంలో, ఎవరూ తప్పుడు పని చేయకుండానే, అన్నం ఆగిపోయింది. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే.

మార్చినవి

జూలై సమావేశంలో నన్ను కార్యదర్శిగా పెట్టారు. మొదట ఒక లెక్క వేశాం. కార్యవర్గంలో పదకొండు మందిమి. డెబ్బై దాటనివారు ఒక్కరే. ఏ ఏడాదైనా ఇద్దరు ముగ్గురు ఆపరేషన్లకో, పిల్లల దగ్గరికో వెళ్ళక తప్పదు. వేరే సంఘాలకి అది అనుకోని ఇబ్బంది, మనకి అది మామూలు క్యాలెండరు. ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే చేశాం.

ఇప్పుడు సంతకందారులు నలుగురు, అందులో ఎవరైనా ఇద్దరు చాలు. నెల మించి ఊరు విడిచి వెళ్ళేవారు ముందే రాసిచ్చి, తమ పని జోడీకి, అంటే తమకి బదులు ఆ పని చూసే మరొకరికి, అప్పగించాలి. ప్రతి పదవికీ ఒక జోడీ ఉన్నారు. ఖాళీ చెక్కు మీద సంతకం ఇకమీదట ఎవరూ పెట్టరు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపితే ఒకరు నమోదు చేయాలి, ఇంకొకరు ఆమోదించాలి. పోలీసులమని వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించే మోసాలు మనలాంటివాళ్ళ మీదే ఎక్కువ ప్రయోగిస్తున్నారు కాబట్టి, సంఘం డబ్బుకి ఒక్క ఫోనూ, ఒక్క ఓటీపీ కాపలాగా ఉండకూడదనుకున్నాం. మీ సొంత ఫోన్లకి అలాంటి కాల్ వస్తే పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. పుస్తకాలన్నీ ఇప్పుడు సంఘం ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. తాళంచెవులు రెండు, ఇద్దరి దగ్గర.

నలుగురు సంతకందారుల్లో ఒకరు మన సభ్యుల కూతురే, ముప్ఫై నాలుగేళ్ళ అమ్మాయి, అకౌంట్స్ ఉద్యోగం. చిన్నపిల్లకి మన కష్టాలేం తెలుసని కొందరు గొణిగారు. రెండేళ్ళ ఓచర్లు మూడు ఆదివారాల్లో సర్దేశాక ఆ గొణుగుడు తగ్గింది.

సమావేశాల తీరు కూడా మారింది. వెనక మన కార్యవర్గ సమావేశం సాయంత్రం ఆరున్నరకి మొదలై, ఎవరో ఒకరికి శాలువా కప్పి, పాత రోజులు తలుచుకుని, అసలు విషయానికి వచ్చేసరికి శుక్లాలున్నవాళ్ళు చీకటి పడిందని లేచిపోయేవారు. మిగిలిన నలుగురూ తీర్మానాలు చేసేవారు. ఇప్పుడు ఉదయం పదకొండింటికి పెడుతున్నాం. ఎజెండా వారం ముందు వాట్సాప్‌లో వస్తుంది, అడిగినవాళ్ళకి పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇస్తాం. మినిట్స్ అక్కడికక్కడే రాసి, గట్టిగా చదివి, సంతకాలు పెట్టాకే కాఫీ. శాలువాలు ఏడాదికి ఒక్కరోజు, అక్టోబరు 1న, వృద్ధుల దినోత్సవం నాడు. దీని మీద వచ్చినన్ని ఫిర్యాదులు దేని మీదా రాలేదు.

టీవీ, కమోడ్

మన పగటి కేంద్రానికి రోజూ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. కార్యవర్గంలో మాత్రం ఒక్కరే ఉండేవారు, ఆవిడకీ భజన కమిటీ అప్పగించాం. కేంద్రాన్ని వాడుకునేవాళ్ళ తరఫున ఇద్దరిని ప్రత్యేక ఆహ్వానితులుగా కూర్చోబెట్టాలని సెప్టెంబరులో నిర్ణయించాం. బైలాస్‌లో (సంఘం నియమావళిలో) చోటు లేదు కాబట్టి వాళ్ళకి ఇంకా ఓటు లేదు.

మొదటి సమావేశంలో ఒక పిన్నిగారు అడిగిన మొదటి మాట: "నాయనా, టీవీ కొన్నారు, మైకుసెట్టు కొన్నారు. మోకాళ్ళు వంగనివాళ్ళం మరుగుదొడ్డిలో ఎలా కూర్చుంటామనుకున్నారు?" ఆవిడ ఉదయం నుంచి మంచినీళ్ళు తాగకుండా కేంద్రానికి వచ్చి, సాయంత్రం ఇంటికి వెళ్ళి తాగుతున్నారట. ఇంకా ఎంతమంది అలా చేస్తున్నారో అడిగితే, చేతులు లేస్తూనే ఉన్నాయి. ఆ గదిలో పదేళ్ళుగా సేవ చేస్తున్నామనుకున్న మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కమోడ్ పెట్టించాం.

డబ్బు, బంధుత్వం

మూలధనం డిపాజిట్ గడువు తీరినప్పుడు, ఒక సహకార పరపతి సంఘంలో పెడితే వడ్డీ ఎక్కువ వస్తుందని ఒక సభ్యుడు ప్రతిపాదించారు. రెండు సమావేశాలు మొగ్గు అటే ఉంది. ఆ సంఘంలో ఒక డైరెక్టరు ఈయన బావమరిదేనని మూడో సమావేశంలో గానీ బయటపడలేదు. ఆయన దాచలేదు. మనం అడగలేదు. బ్యాంకుల్లో డిపాజిట్లకి ఒక్కో బ్యాంకులో 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. పరపతి సంఘాలకి ఆ బీమా వర్తించదు. పైగా మనలాంటి సంస్థ డబ్బు ఎక్కడ దాచాలో 1961 నాటి ఆదాయపన్ను చట్టం 11(5) సెక్షన్ చెప్పింది, అది దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు. ఇవన్నీ చూసి డబ్బుని రెండు బ్యాంకుల్లోకి విడగొట్టాం.

అప్పటినుంచి, చర్చకి వచ్చిన అంశంలో తనకో, తనవాళ్ళకో లాభం ఉంటే ముందుగా చెప్పి, నిర్ణయం అయ్యేదాకా బయట కూర్చోవాలన్నది నియమం. దానికి మొదటి పరీక్ష క్యారేజీల కాంట్రాక్టే. వండే అబ్బాయి మన కార్యవర్గ సభ్యుడి కొడుకు. తండ్రి వరండాలో కూర్చున్నారు, మూడు కొటేషన్లు చూశాం. అబ్బాయి ధర అందరికన్నా తక్కువేం కాదు, క్యారేజీకి రెండు రూపాయలు ఎక్కువే. అయినా ఉప్పు తగ్గించి, షుగర్ ఉన్నవాళ్ళకి వేరేగా కట్టేది ఆయనే కాబట్టి ఆయనకే ఇచ్చాం. కారణం మినిట్స్‌లో రాశాం. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.

వద్దన్న ఇల్లు

ఈ ఏడాది కార్యవర్గం అన్నిటికన్నా ఎక్కువసేపు వాదించుకున్నది దీని గురించే. పిల్లల్లేని ఒక మామ్మగారు తన ఇల్లు సంఘానికి రాసిస్తానన్నారు. మనం అద్దె హాల్లో ఉన్నాం. సొంత గూడు ఇన్నాళ్ళ కల. సగంమందికి కళ్ళు మెరిశాయి, నాతో సహా.

అడ్డుపడింది మా అందరిలోకీ పెద్దవారు, రిటైరైన సబ్‌రిజిస్ట్రారు గారు. "ఆవిడ తినేది మన క్యారేజీ. మందులు తెచ్చేది మన కుర్రాడు. ఇల్లు కూడా మనకే రాసేశాక, రేపు కూర బాగాలేదని ఆవిడ ఎవరితో చెప్తుంది?" అన్నారు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజుని రద్దు చేయించుకోవచ్చని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ చెప్తుంది. దాన్ని వృద్ధులకి మేలు జరిగేలా ఉదారంగా చూడాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అంది. ఆ సెక్షన్ చూపించి కొడుకుల్ని నిలదీయడం మనకి అలవాటు. మనల్ని ఎవరు నిలదీస్తారు?

మన సేవ పొందుతున్నవారి నుంచి స్థిరాస్తి తీసుకోకూడదని చివరికి తీర్మానించాం. ఏడుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు, ఒకరు రాలేదు. కాదన్నవారి వాదనా నమోదైంది: ఇవ్వాలనుకునే హక్కు ఆవిడకి లేదా అన్నారు. ఉంది. ఆవిడని న్యాయ సేవాధికార సంస్థకి పంపాం. అక్కడ మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. మనవాళ్ళెవరూ వెంట వెళ్ళలేదు, ఆవిడ విల్లు రాశారో లేదో మనం అడగలేదు. ఆవిడ కొన్నాళ్ళు మనమీద అలిగారు కూడా.

అదే చట్టం కింద, తమంతట తాము దరఖాస్తు పెట్టుకోలేని వృద్ధుల తరఫున, వాళ్ళు అనుమతిస్తే మనలాంటి నమోదైన సంఘం ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు. ఈ ఏడాది ఇద్దరి తరఫున ఆ ట్రిబ్యునల్ నడిపే ఆర్డీవోగారి దగ్గరికి వెళ్ళాం. అలాంటి విషయాల్లో మినిట్స్‌లో పేరు రాయం, ఫైలు నంబరు వేస్తాం. దీనికీ ఒక చేదు అనుభవం కారణం. బియ్యం బస్తా అందుకుంటున్న ఒకాయన ఫోటో మన వాట్సాప్ గ్రూపులో పెట్టాం. అది ఆయన వియ్యంకుడి ఫోన్‌ దాకా వెళ్ళింది. ఆయన మళ్ళీ మన గుమ్మం తొక్కలేదు. క్షమాపణ చెప్పడానికి వెళ్తే తలుపు తీశారు గానీ కూర్చోమనలేదు.

ముందున్న పనులు

కార్యవర్గ జాబితాలు బకాయిలతో సహా దాఖలయ్యాయి. ఆడిట్ అయిన లెక్కలు ఈ నివేదికతో విడిగా ఇస్తున్నాం, చివరి పేజీలో సంఘం చేతి ఖర్చులు కూడా ఉన్నాయి. దాతలకి 80జీ మినహాయింపు (విరాళం మీద ఆదాయపన్ను తగ్గింపు) కావాలంటే నగదు విరాళం 2,000 రూపాయలు దాటకూడదని మళ్ళీ గుర్తుచేస్తున్నాను. ఆదాయపన్ను శాఖ దగ్గర మన 12ఏబీ నమోదు (సంఘానికి పన్ను మినహాయింపు ఇచ్చేది) 2026 మార్చితో ముగుస్తుంది. దరఖాస్తుకి గడువు 2025 సెప్టెంబరు 30. మనలాంటి చిన్న సంస్థలకి ఈసారి ఐదేళ్ళకి బదులు పదేళ్ళకి ఇస్తారు. ఆ పని మన అకౌంట్స్ అమ్మాయి, నేను చూస్తున్నాం. నా జోడీకి కూడా పాస్‌వర్డ్ తెలుసు.

బైలాస్ సవరణ ఈ సర్వసభ్య సమావేశంలో మీ ముందుకొస్తుంది. రెండేళ్ళ పదవీకాలం, వరుసగా రెండుసార్లకి మించకూడదు. కార్యవర్గంలో కనీసం నలుగురు మహిళలు. సేవ పొందేవారి నుంచి ఇద్దరికి ఓటు. మొదటిదాని వల్ల సంఘాన్ని పుట్టించిన పెద్దలు ముగ్గురు దిగిపోవాల్సి వస్తుంది. వారిలో ఒకరు, నాకు అన్నగారి లాంటివారు, నాతో రెండు నెలలుగా మాట్లాడటం లేదు. ఆయన లేకపోతే ఈ సంఘమే లేదు, ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. అయినా నేను సవరణకే ఓటు వేస్తాను. ఇది నాకూ వర్తిస్తుంది.

నడవలేనివారికి ఆ రోజు ఆటో పంపుతాం, రెండు రోజుల ముందు ఆఫీసుకి చెప్పండి. నామినేషన్ ఫారాలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. కోశాధికారిగారు ఎడమచేత్తో సంతకం నేర్చుకున్నారు, ఈ ఏడాది లెక్కల మీద ఉన్నది ఆ సంతకమే. కమోడ్ పక్కన రెండో పట్టుకడ్డీ మాత్రం ఇంకా బిగించలేదు. ప్లంబరు ఆదివారం వస్తానన్నాడు.

ఇట్లు,
కార్యదర్శి